మెరుపు కాగితం కత్తి

ఇలా రా, నా పక్కన పడుకో. మూతి ముడుచుకున్నది చాల్లే. పక్కింటి పిల్లాడితో కత్తిసాము ఆడతానని నువ్వు తెచ్చిన వెదురుబద్దను పొయ్యిలో పెట్టింది నేనే. ఎందుకు పెట్టానో కథ చెప్తాను, ఊఁ కొట్టు. మధ్యలో నిద్రపోయావంటే మళ్ళీ మొదటినుంచి చెప్పను.

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక గరిడీ. గరిడీ అంటే సాము నేర్పే పాక. తాటాకుల కప్పు, మెత్తటి ఎర్రమట్టి నేల. అక్కడ ముత్యాలు వస్తాదు పిల్లలకు పొట్టి కత్తి సాము నేర్పేవాడు. పొట్టి కత్తి కదా, ఒకరి ఊపిరి ఒకరికి తగిలేంత దగ్గరగా నిలబడి ఆడాలి. అందుకని నేర్చుకునే పిల్లల్ని ఇనుపకత్తి ముట్టనిచ్చేవాడు కాదు. పేము బెత్తానికి పాతగుడ్డ చుట్టి, కొసకు దూది ఉండ కట్టి కత్తులు చేసేవాడు. చూడ్డానికి గరిటెల్లా ఉండేవి.

ఆ గరిడీకి ఒక కట్టుబాటు ఉంది. ఎవరి కత్తి వాళ్ళు ఎంచుకోకూడదు. నువ్వు ఎంచిన కత్తి ఎదుటివాడి చేతికి ఇవ్వాలి, వాడు ఎంచింది నువ్వు పట్టాలి. "నిన్ను తాకే కత్తి నువ్వే సూసుకో" అనేవాడు వస్తాదు. ఎలా చూడాలో కూడా నేర్పాడు. మొదట కొసను అరచేతికి ఆనించి వంచాలి, వంగితేనే మంచిది. అప్పుడు కత్తిని చెంప మీద రాసుకోవాలి, ముల్లు ఉంటే తెలిసిపోతుంది. ఆ తర్వాత తొడ మీద కొట్టుకోవాలి. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే ఆ కత్తి పనికిరాదు.

ఆ ఊళ్ళో తవుడు అని ఒక పిల్లాడు. ఇదేం పేరని నవ్వకు. వాళ్ళమ్మకి అంతకుముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. అందుకని వీడు పుట్టగానే పొరుగావిడ చేతికిచ్చి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది, చావు కంట పడకుండా. అలా దక్కించుకున్న కొడుకు వాడు.

తవుడికి బంగారి అని ఒక స్నేహితుడు. ఇద్దరూ ఒకే కంచం, ఒకే మంచం. సాములో తవుడు చురుకు, బంగారి మెతక. ఎప్పుడూ ఓడిపోయేవాడు. ఓడిపోయి నవ్వేవాడు కూడా, పిచ్చి సన్నాసి.

దసరా వచ్చింది. ఆ రోజు ఊరంతా సాము చూడ్డానికి వస్తుంది. బంగారి వాళ్ళమ్మ వచ్చి ముందు వరసలో కూర్చుంది. అప్పుడు తవుడు ఏమనుకున్నాడంటే, ఈ ఒక్కపూట మా బంగారి అందంగా కనపడాలి, గరిటె లాంటి కత్తి పట్టుకుంటే వాళ్ళమ్మ ఏం మురిసిపోతుంది అనుకున్నాడు.

గరిడీ మూల అమ్మవారి వేషం కత్తి ఉంది. ఊరేగింపులో వేషం కట్టేవాడు పట్టుకునే కత్తి అది. వెదురుబద్దకు బంగారురంగు మెరుపు కాగితం అంటించారు. ఎండ పడి ధగధగలాడుతోంది. తవుడు దాన్ని తీశాడు. కొస వంచబోయాడు, కాగితం నలుగుతుందని వంచలేదు. చెంపకు రాసుకోబోయాడు, మెరుపు రాలుతుందని రాసుకోలేదు. తొడ మీద కొట్టుకోబోయాడు, చిరుగుతుందని మానేశాడు. వస్తాదు చూడకుండా తీసుకెళ్ళి బంగారి చేతిలో పెట్టాడు.

"ఇది ఆటకత్తి కాదు కదరా" అన్నాడు బంగారి.

"మీ యమ్మ సూస్తంది. పట్టరా" అన్నాడు తవుడు.

ప్రేమతోనే ఇచ్చాడు తల్లీ.

డప్పు మోగింది. మొదటి దెబ్బ తవుడు కాచుకున్నాడు. రెండో దెబ్బ కాచుకున్నాడు. మూడో దెబ్బకి, కాగితం లోపల ఎప్పుడో బీటలువారిన వెదురు నిలువునా చీలింది. ఒక పేడు ఎగిరి తవుడి ఎడమ కంట్లో గుచ్చుకుంది.

తవుడి తల్లి వాణ్ణి ఒళ్ళో వేసుకుని ఏ దేవుణ్ణీ వదలకుండా మొక్కింది. వైద్యుడు ఆకుపసర్లు పోశాడు. ఎన్ని పోసినా కన్ను దక్కలేదు.

ఆ తర్వాత బంగారి కత్తి ముట్టలేదు. తవుడు ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయేవాడు. ఊళ్ళో ఎవరూ వాణ్ణి ఒక్క మాట అనలేదు. ఎవరైనా నాలుగు తిట్టి ఉంటే వాడికి కాస్త తేలికయ్యేదేమో.

కట్టు విప్పాక తవుడు పేము కత్తి పట్టుకుని బంగారి ఇంటికి వెళ్ళాడు. గడపలో నిలబడి పిలిచాడు. బంగారి గాదె వెనక దాక్కున్నాడు. కొన్నాళ్ళకి మళ్ళీ వెళ్ళాడు. ఈసారి బంగారి వాళ్ళమ్మ వాకిట్లోకి వచ్చింది. తవుడి మొహం చూడలేక నేలచూపులు చూసింది.

"నువ్వొచ్చి ఎల్లిన కాడ్నించి ఆడు కూడు ముట్టనేదు బాబూ. నీకు దండం ఎడతాను, ఇంక రాకు" అంది.

తవుడు కత్తి చంకలో పెట్టుకుని ఏడుస్తూ ఇంటికి వచ్చాడు. పోయిన కంట్లోంచి కూడా నీళ్ళు వస్తాయా అంటావా? వస్తాయమ్మా. ఏడుపుకి చూపుతో పనిలేదు.

మళ్ళీ దసరా వచ్చింది. అందరికీ జోడీలు కుదిరాయి, తవుడు ఒక్కడే మిగిలాడు. వేరేవాడితో ఆడమని వస్తాదు అన్నాడు. తవుడు వినలేదు. కత్తుల బుట్ట ముందు కూర్చుని ఒకటి తీశాడు. కొస వంచాడు. చెంప మీద రాసుకున్నాడు. తొడ మీద కొట్టుకున్నాడు. అప్పుడు ఎవరూ నేర్పని పని ఒకటి చేశాడు. మిగిలిన కన్ను మూసుకుని, కత్తి కొసను ఆ రెప్ప మీద పెట్టి నొక్కుకున్నాడు. నువ్వు అలాంటిది చేశావంటే వీపు చిట్లగొడతాను, ముందే చెప్తున్నా.

జనంలో ఉన్న తవుడి తల్లి నోట్లో కొంగు కుక్కుకుంది. దూది ఉండ మెత్తగా అణిగింది. వాడు కన్ను తెరిచాడు, చూపు ఉంది.

అప్పుడు తవుడు జనాన్ని దాటుకుంటూ వెళ్ళాడు. అందరికంటే వెనక తల వంచుకుని కూర్చున్నాడు బంగారి. తవుడు కత్తి పిడి వాడివైపు చాపి, "నీకే ఎంచాను" అన్నాడు.

"నాకొద్దురా. నీ కన్ను తీసిన సెయ్యి ఇది."

"నీ సెయ్యి కాదు. మెరుపు సూసి నాను ఎంచిన కత్తది. దీన్ని తడిమి ఎంచాను. పట్టు."

బంగారి లేచి పట్టుకున్నాడు. బుట్ట దగ్గరికి వెళ్ళి తనూ ఒకటి తడిమి ఎంచి, తవుడి చేతిలో పెట్టాడు.

డప్పు మోగింది. మొదటి దెబ్బ తవుడు కాచుకున్నాడు. రెండోది కాచుకున్నాడు. మూడో దెబ్బ ఎడమవైపు నుంచి వచ్చింది. తవుడు కదల్లేదు, కాచుకోలేదు. అది వాడికి కనపడనే లేదు. బంగారి కత్తిని చెంప దగ్గరే ఆపేశాడు. తన స్నేహితుడికి ఆ వైపున ఏమీ లేదని, చెట్టూ లేదు మనిషీ లేడని, వాడికి అప్పుడు తెలిసింది. కత్తి వదిలేసి తవుణ్ణి కావలించుకున్నాడు. ఇన్నాళ్ళూ గాదె వెనక దాచుకున్న ఏడుపంతా ఏడ్చాడు. డప్పు ఆగిపోయింది. వస్తాదు కండువాతో మొహం తుడుచుకున్నాడు.

ఆ తర్వాత బంగారి ఎప్పుడూ తవుడికి ఎడమవైపే నడిచేవాడు. పొలంగట్టు మీద, సంతలో, పెళ్ళిపందిట్లో, ఎక్కడైనా సరే. గొయ్యి వస్తే "గొయ్యి" అనేవాడు. ఎద్దు వస్తే "ఎద్దు" అనేవాడు. ఇద్దరికీ జుట్టు నెరిసేదాకా అలాగే నడిచారు.

కన్ను మళ్ళీ వచ్చిందా అంటావా? రాలేదు తల్లీ. కథే కదా అని నేను రప్పించలేను.

రేపు పేము బెత్తాలు తెప్పిస్తాను. నా పాత చీర చింపి చుట్టుకుందాం. నీ కత్తి ఆ పిల్లాడు ఎంచుతాడు, వాడి కత్తి నువ్వు ఎంచు. తొందరపడకుండా ఎంచు.

కత్తి బుట్టలోకి, కథ కంచి బాటలోకి,
కన్ను రెప్ప కిందకి, నువ్వు నా కొంగు కిందకి.