నల్లేరు తోట, విరిగిన కాళ్ళు

ఎర్రగుట్ట అడవిలో వైద్యం నేర్పే బడి ఒకటుండేది. నడిపేది నక్క అయ్యవారు. విరిగిన ఎముకకి నల్లేరు నూరి పట్టు వేసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టడంలో ఆయనంతటివాడు లేడని పేరు. ఆ పేరు ఊదరగొట్టిందీ ఆయనే అనుకోండి! బడి పక్కన పెద్ద నల్లేరు తోట వేసి, చుట్టూ రేగుముళ్ళ కంచె కట్టాడు. రోగులు వస్తూనే ఉన్నారు, శిష్యులు చేరుతూనే ఉన్నారు. ఆయన బతుకు నల్లేరు మీద బండి నడకలా సాగిపోతోంది.

ఆ యేటి చివరి పరీక్ష దగ్గరపడింది. అయ్యవారు శిష్యుల్ని కూర్చోబెట్టి చెప్పాడు.

"నెల రోజులు గడువు. ఎవడు ఎక్కువ కట్లు కడితే వాడికి పట్టా. పదికి తక్కువైతే మూట సర్దుకోవడమే."

కోతి తిమ్మప్ప ఎగిరి గంతేశాడు. చేతులున్నవాడు, వాడికేం? ఎద్దు ఓబన్న మాత్రం తల వంచుకున్నాడు. గిట్టలతో ముడి వేయడం ఎంత కష్టమో వేసినవాళ్ళకే తెలుస్తుంది. పైగా వాళ్ళ మందలో వైద్యుడన్నవాడే లేడు. 'నువ్వైనా నేర్చుకుని రారా' అని నలభై పశువులు కలిసి పంపాయి. పట్టా లేనివాడు వైద్యం చేస్తే అడవి ఒప్పుకోదు. వట్టిగా తిరిగి వెళ్తే వాళ్ళకి మొహం ఎలా చూపించాలి పాపం!

నాలుగో రోజు మేక నాగక్క కుంటుకుంటూ వచ్చింది. ఆవిడకి విరిగిన కాళ్ళలో ఇది మూడోది. ముందు రెండూ ఈ బడిలోనే అతుక్కున్నాయి.

"రా రా నాగక్కా! నువ్వు నా పాత రోగివి!" అని తిమ్మప్ప ఎగబడి కట్టు కట్టేశాడు. "చూశావా ఓబన్నా, వైద్యం బాగుంటే రోగి మళ్ళీ మళ్ళీ వస్తాడు!"

నాకైతే ఆ కోతి చెవి మెలిపెట్టాలనిపించింది.

ఓబన్న మెల్లగా అడిగాడు. "ఎక్కడ పడ్డావక్కా?"

"ఇంకెక్కడ నాయనా, ఏటికి దిగే పాచిబండ మీద. దాహమేస్తే దిగాలి కదా?"

"మొదటిసారో?"

"అక్కడే."

"రెండోసారి?"

"అదీ అక్కడే. ఇక మిగిలింది ఒక్క కాలు. అదీ పోతే నా పిల్లల్ని మేతకి తీసుకెళ్ళేదెవరు?" అని నాగక్క గొల్లుమంది.

ఓబన్న ఇక కూర్చోలేకపోయాడు, లేచి ఏటిదారి పట్టాడు. అక్కడ చూస్తే ఏముంది? ఏట్లోకి దిగడానికి ఒకప్పుడు చక్కటి ఇసుక బాట ఉండేది. ఆ బాటని తోట మింగేసింది. తోట చుట్టూ కంచె. దాన్ని తప్పించుకుని అందరూ పాచిబండ మీదుగా దిగుతున్నారు, జారి పడుతున్నారు. విరిగిన కాళ్ళకి నల్లేరు చాలక అయ్యవారు ఏటేటా తోట పెంచుతున్నాడు, కంచె ముందుకు జరుపుతున్నాడు. రోగానికి మందు, మందుకి తోట, తోట వల్ల మళ్ళీ రోగం! గానుగ తిరిగినట్టు తిరుగుతోంది వ్యవహారం. ఆ తిరుగుడు ఎద్దుకి కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది?

ఓబన్న పరుగున వచ్చి అయ్యవారికి చెప్పాడు. "కంచె కాస్త వెనక్కి జరిపి బాట వదిలితే కాళ్ళు విరగవు అయ్యవారూ!"

అయ్యవారు గతుక్కుమన్నాడు. వెంటనే సర్దుకున్నాడు.

"ఒరే, నువ్వొచ్చింది వైద్యం నేర్చుకోవడానికా, బాటలు వేయడానికా? మన పాఠం తొడ దగ్గర మొదలై గిట్ట దగ్గర అయిపోతుంది. దారి మన పాఠంలో లేదు."

"మరి ఆ గిట్ట ఉండేది దారి మీదే కదండీ?"

"ఎదురు ప్రశ్నలా! సరే, వెనకబడిన మందవాడివి. నోరు మూసుకుని ఉంటే అత్తెసరు మార్కులతో గట్టెక్కించి నీకూ ఓ పట్టా పడేస్తా. తెరిచావో, మీ మందకి ఈ జన్మలో వైద్యుడు రాడు."

ఆ మాటకి ఓబన్నకి మూడు రోజులు మేత సహించలేదు. నోరు మూసుకునే ఉన్నాడు. కానీ వచ్చిన ప్రతి రోగినీ 'ఎక్కడ పడ్డావు' అని అడగడం మాత్రం మానలేదు.

పరీక్ష రోజున అడవంతా చేరింది. తీర్పు చెప్పడానికి ఏనుగు గౌరమ్మ వచ్చింది. ఆవిడ ఎగువ మడుగులో నీళ్ళు తాగుతుంది, ఈ రేవు సంగతి ఆవిడకి తెలియదు.

"అరవై మూడు కట్లు!" అన్నాడు తిమ్మప్ప తోకెత్తి. జనం ఈలలు వేశారు.

అయ్యవారు ఉబ్బిపోయాడు. "మా బడిలో ఒకటే సూత్రం పెద్దమ్మా. ఎవరి చలవ వల్ల ఎక్కువమంది రోగులు ఈ గడప తొక్కితే వాళ్ళే గొప్ప వైద్యులు! ఏరా ఓబన్నా, నీవెన్ని?"

"ఆరు. అవీ వదులే."

అందరూ గొల్లున నవ్వారు. "మూట సర్దుకో!" అన్నాడు అయ్యవారు, గట్టెక్కిస్తానన్న మాట గాలికొదిలేసి.

ఓబన్న నాగక్క కాలి కట్టు వైపు చూశాడు. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి వెరవడమెందుకు అనుకున్నాడు.

"సర్దుకుంటాను అయ్యవారూ. కానీ మీ సూత్రం ప్రకారం పట్టా తిమ్మప్పకీ రాదు. పడ్డవాళ్ళని అడిగి, ఒక్కొక్కరికీ ఒక గులకరాయి వేస్తూ వచ్చాను. ఇదిగో పాచిబండ మీద పడ్డవాళ్ళ కుప్ప, తొంభై ఒకటి. మిగతా అడవంతా కలిపి రెండే. తొంభై ఒక్కమందిని బండ మీదకి తోలి మీ గడప తొక్కించింది మీ కంచె. ఆ పట్టా ఏదో దానికే కట్టండి!"

"ఏమయ్యా, కంచేమిటి, బండేమిటి?" అంది గౌరమ్మ.

"వాడి మొహం పెద్దమ్మా!" అన్నాడు అయ్యవారు. "చూసి నడవడం చేతకాని వాళ్ళే పడతారు. తెలివైనవాడికి ఆ బండ పట్టుపరుపు."

"అలాగా? నాకు దాహంగా ఉంది. నువ్వు తెలివైనవాడివి కదా, దాని మీదుగా దిగి ఒక దొప్పెడు నీళ్ళు పట్టుకురా."

అయ్యవారు దొప్ప పట్టుకుని బండ అంచుదాకా వెళ్ళాడు. ఒక కాలు పెట్టాడు, తీశాడు. ఇంకో కాలు పెట్టాడు, తీశాడు. వెనక అడవంతా చూస్తోంది.

"ఊఁ, దిగు!" అంది గౌరమ్మ.

"అమ్మో, నా వల్ల కాదు పెద్దమ్మా! కాలు విరుగుతుంది!"

"మరి మావి విరగవా అయ్యవారూ?" అంది నాగక్క.

అయ్యవారి చేతిలో దొప్ప జారి ఏట్లో పడింది. గౌరమ్మ వెళ్ళి తొండంతో కంచె పీకి పారేసింది. పట్టా ఓబన్నకి ఇచ్చింది. ముందు వాళ్ళ మందకి వైద్యం చూసుకుని, వారానికోసారి వచ్చి బడిలో పాఠం చెప్పమంది. ఇప్పుడు అక్కడ మొదటి పాఠం అడవి దారుల్లో నడక. ముందు ఓబన్న, వెనక శిష్యులు, అందరికంటే చివర పలక పట్టుకుని నక్క అయ్యవారు.

నీతి: కాలికి కట్టు కట్టడం ఎంత బాగా వచ్చినా, ఆ కాలు ఏ దారిన పోయి విరిగిందో వెళ్ళి చూడనివాడు వైద్యుడు కాడు.