స్తంభాలెక్కిన అక్షరం

...అదేనండీ, ఏమనుకోకండి, ఇంతసేపూ చెప్తానే ఉన్నాను, అసలు సంగతికి రాలేదు. ఇదిగో వస్తున్నా. తెనాలిలో సుభానీ మాస్టారని, కంప్యూటర్లో తెలుగు అక్షరాలు, అదే, ఫాంట్లు తయారుచేసేవారు. ఆయన్ని ఏదన్నా అడిగితే నోటితో జవాబు చెప్పరు. లేచి చెప్పులేసుకుంటారు.

ఆయన దగ్గర చిదంబరం అని శిష్యుడు. నాలుగేళ్లు కళ్లు అరగదీసుకుని, పుస్తకాలకి పనికొచ్చే సన్నటి గుండ్రటి అక్షరం చేశాడు. అతని తర్వాత శిష్యురాలిగా చేరిన హైమావతి ఏడాదిలో ఇంకోటి చేసింది. లావుగా, ఇరుగ్గా, నిటారుగా ఉంటుంది. నిలువు గీతలు గుంజల్లా, అడ్డగీతలు దారాల్లా, కొనలకి చిన్న చిన్న పాదాలు. ఇక ఊరంతా అదే. సినిమా పోస్టరూ అదే, స్వీటు షాపు బోర్డూ అదే. బజారుకెళ్లినప్పుడల్లా చిదంబరానికి కడుపు మండిపోయేది. చిన్న సైజులో పెడితే ఒత్తులన్నీ కలిసిపోయి మసి మరకలా కనపడేదానికి అంత పేరేంటని.

అప్పుడే ఒక నాటక సమాజం వాళ్లు పోస్టర్ అడిగారు. ఏడాదికి వాళ్లకి ఒకటే ఆట. కరెంటు స్తంభాలకి అంటించేది, వెడల్పు జానెడు. నాటకం పేరేమో 'ప్రతిజ్ఞాభంగం'! పేరు హైమావతి అక్షరంలో, కింద వివరాలు చిదంబరం అక్షరంలో పెట్టమన్నారు మాస్టారు. చిదంబరం ఏం చేశాడూ, ఎవరికీ చెప్పకుండా ఆమెది తీసేసి, తన గుండ్రటి అక్షరాన్నే పక్కల్నించి నొక్కేసి ఇరికించాడు.

అవి ఊళ్లో స్తంభాలన్నీ ఎక్కాయి. మర్నాడు ధైర్యం చేసి అడిగాడు. "ఆ అమ్మాయి అక్షరంలో ఏముందని మాస్టారూ, అందరూ దాని వెంట పడతారు?"

ఆయన చెప్పులేసుకున్నారు. బజారు మధ్య, స్తంభానికి ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబెట్టారు. అరగంటయినా ఒక్క తల తిరగలేదు.

"ఏంట్రా, వారం రోజులు పస్తున్నట్టున్నాయి నీ అక్షరాలు?" అన్నారు.

మాస్టారు సంచిలోంచి ఓ కట్ట తీశారు. పైన పేరు హైమావతి అక్షరంలో, కింద వివరాలు చిదంబరం అక్షరంలోనే ఉంచి ఆయనే వేయించినవి. ఒకటి పక్క స్తంభానికి అంటించారు.

కాసేపటికి ఓ ఆటో అతను బ్రేకేశాడు. "ప్రతిజ్ఞాభంగమా! ఎప్పుడబ్బా?" అని దిగొచ్చి, కింద వరుసల మీద వేలు పెట్టి చదువుకున్నాడు. "ఆదివారం సాయంత్రం ఆరింటికి..." వెంటనే ఫోన్ తీశాడు. "ఏమేవ్, ఆదివారం పనేం పెట్టుకోకు, నాటకానికి పోతన్నాం."

ఆటో కదిలిందో లేదో చిదంబరం అందుకున్నాడు. "వివరం చదివింది నా అక్షరంలోనేగా! మరి నా పేరెవడూ ఎత్తడేం మాస్టారూ?"

"ఆటో ఇంకా మలుపు తిరగలేదు. పరిగెత్తి అడిగిరా, పైది ఎవరి అక్షరమో అతనికేమన్నా తెలుసేమో." అని, జిగురు డబ్బా వాడి చేతిలో పెట్టారు. "తెలీదంటే మాత్రం, ఇంకా నలభై స్తంభాలున్నాయి."

అప్పుడు చిదంబరం... ఆఁ, వస్తన్నానమ్మా! గ్యాసతను వచ్చాడంటండీ, ఒక్క