రెండు ముక్కల ఉత్తరం

పోస్టాఫీసు వరండాలో పదిమంది వరసగా కూర్చున్నారు. ఏం చూశారో చెప్పండి. పదిమందినా, పది పనులనా? తడుముకోకండి. భాస్కరం తడుముకోలేదు. పది పనులన్నాడు.

గున్నయ్య మాస్టారు ఆ వరండాలో చదువురానివాళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు. భాస్కరం ఆయన శిష్యుడు, లెక్కల మనిషి. "మాస్టారూ, వచ్చిన వరసలోనే ఎందుకు రాయాలి? చిన్న ఉత్తరాలు ముందు రాసేస్తే ఎక్కువమంది త్వరగా ఇళ్లకు పోతారు. అందరి ఎదురుచూపూ కలిపి చూస్తే అదే తక్కువ. తప్పేముంది?" అని అడిగాడు. లెక్కలో తప్పు లేదు. మాస్టారు కలం అతని చేతికిచ్చి, "అలాగే నడుపు," అన్నాడు.

శనివారం మూడింటికి అండమాన్ టపా సంచీ కట్టేస్తారు. దానికోసం సింహాద్రమ్మ అందరికన్నా ముందొచ్చి కూర్చునేది. మొగుడు అక్కడ కలప మిల్లులో పనికి వెళ్లి రెండేళ్లు. "శానా ఉంది బావూ, మూడు కాయితాలు పడతాది," అంది. "నీది ఉత్తరమా దస్తావేజా, వదినా!" అన్నాడు పక్కనున్న గవరయ్య. ఆమె కూడా నవ్వింది. భాస్కరం ఆమెను చివరికి జరిపాడు. ఆమె వంతు వచ్చేలోగా మరో చిన్న ఉత్తరం వచ్చేది, దాని వెనక ఇంకొకటి. ఈలోగా మూడు గంటలై సంచీ కట్టేసేవారు. ఇలా ఏడు శనివారాలు. చెప్పాల్సినవి మరిచిపోకుండా తనలో తనే పెదవులు కదుపుకుంటూ కూర్చునేది. మాస్టారు చూస్తూ ఊరుకున్నాడు. ఆ కోపం నాకింకా పోలేదు. ఆ వరసలోనే కూర్చున్న నేనూ నోరెత్తలేదు. నాదీ చిన్న ఉత్తరమే.

ఎనిమిదో శనివారం ఆమె ఆలస్యంగా వచ్చింది. పెదవులు కదలడం లేదు. "ఇయ్యాల నాది సిన్నదే బావూ. బాగున్నానని రాసియ్యి. సాలు," అంది. నిమిషం పట్టలేదు. అందరికన్నా ముందు ఆమే లేచి వెళ్లిపోయింది.

"చూశారా, ఆవిడ పనీ అయిపోయింది," అన్నాడు భాస్కరం.

మాస్టారు పెట్టె అడుగు నుంచి మూడు తెల్లకాగితాలు తీసి అతని ముందు పెట్టాడు. "మొదటి వారమే ఆమె కోసం తీసి ఉంచాను. ఇన్ని వారాలూ ఆమె చెప్పాలనుకున్నది రాయి."

భాస్కరం కలం ఎత్తలేకపోయాడు. మీరైతే ఏం రాస్తారు?