నూకరత్నం ముంచిన సత్తు పడవ

అనగనగా, ఏటి తీపి నీళ్ళూ సముద్రపు ఉప్పు నీళ్ళూ కలిసేచోట పీతలంక అని ఒక ఊరుండేది. ఎటు చూసినా నీళ్ళే తల్లీ, తాగడానికి మాత్రం చుక్క లేదు. మంచినీళ్ళు అవతలి ఊరి చెరువు నుంచి డబ్బాల్లో మోసుకొచ్చుకోవాలి.

ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒక ఆవిడ. ఆమె మొగుడు సింహాద్రి. ఇద్దరూ ఒకే పడవలో వేటకి వెళ్ళేవాళ్ళు. అతను వెనక నిలబడి గడ వేసేవాడు. ఆమె ముందు కూర్చుని వల వదిలేది. ఒంటి మనిషితో అయ్యే పని కాదది. గడ పడితే వల పట్టలేరు, వల పడితే పడవ నిలవదు.

నూకరత్నం మాటలు తక్కువ మనిషి. ఆ లోటు వాళ్ళ అత్త బంగారమ్మ తీర్చేది.

ఒక కార్తీకమాసంలో, పొద్దున పూట, ఎక్కడి నుంచో గాలి లేచింది. పడవ ఒరిగింది. పాత చెక్క పడవ, పైగా వలకి సీసం గుళ్ళు. నూకరత్నం పడవ అంచు పట్టుకుంది. పట్టుకున్న అంచే ఆమె చేతి కింద నుంచి జారి అడుక్కి వెళ్ళిపోయింది. సింహాద్రి ఆమె జుట్టు దొరకబుచ్చుకుని ఒడ్డున మడచెట్ల దాకా ఈదాడు. ఇద్దరూ బతికారు. భయం లేదు, దుప్పటి కప్పుకుని విను.

ఆ ఊళ్ళో ఒక పట్టింపు ఉంది. పడవ మునిగింది అనరు. అంటే మిగతా పడవలు వింటాయట. అందుకని "తడిసింది" అంటారు. ఊరంతా వచ్చింది. "పడవ తడిసిందట కదా" అని పలకరించి, టీలు తాగి వెళ్ళింది. నీకు భయం వేసిందా అమ్మా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే ఆ మాట నోట్లోకి వస్తుంది కదా.

ఆ తర్వాత నూకరత్నం పడవ ఎక్కలేదు. రేవు దాకా వెళ్ళేది, మోకాలి లోతు నీళ్ళలో ఆగిపోయేది. నిద్రలో కుడిచెయ్యి మూసేది, తెరిచేది.

సింహాద్రి అడిగి తెచ్చుకున్న పడవలో ఒక్కడే వెళ్ళేవాడు, ఖాళీ బుట్టతో వచ్చేవాడు. అప్పుడు దూరాన ఉన్న రొయ్యల చెరువుల ఆసామి కబురు పెట్టాడు. కాపలా పని. గట్టు మీదే పాక, గట్టు మీదే తిండి. ఇంటికి రావడం నెలకొకసారి. ఆ మాట విన్న పూట నూకరత్నానికి ముద్ద దిగలేదు. సింహాద్రికీ వెళ్ళాలని లేదు.

అయినా వెళ్ళి చూశాడు. అక్కడ గట్టు పక్కన ఒక చిన్న సత్తు పడవ బోర్లా పడి ఉంది. సత్తు అంటే మన గంజి వార్చే గిన్నె ఉంది చూడు, ఆ అల్యూమినియమే. పడవ నిండా సొట్టలు. దాని కింద ఒక కోడి గుడ్లు పొదుగుతోంది.

"బాబుగారూ, ఇది నాకిస్తారా? ఇంటి దగ్గర బాగుచేసుకుంటాను. మా ఆవిడ ఎక్కితే ఇద్దరం వేటకెళతాం."

ఆసామి మంచివాడే. "తీసుకుపో. మాఘ పున్నమి దాకా చూస్తాను. ఎక్కితే సరే. ఎక్కకపోతే మర్నాడు మా మనిషి వస్తాడు, పనిలోకి వచ్చెయ్యి" అన్నాడు. "కోడిని మాత్రం ఇక్కడే ఉంచు."

అప్పుడు సింహాద్రి పడవని నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. పెరట్లో బోర్లించి, చెక్క సుత్తితో సొట్టలు తీశాడు. మూడు రోజులు టంగు టంగు టంగు. వీధిలో పసిపిల్లలెవరూ నిద్రపోలేదు.

"ఇది పడవంట్రా?" అంది బంగారమ్మ. "పెళ్ళివారు మర్చిపోయిన అన్నం గంగాళంలా ఉంది."

సింహాద్రి నవ్వాడు. పెళ్ళాం దర్జాగా కూర్చోవాలని పడవ మధ్యలో ఎత్తుగా బల్ల కొట్టాడు. బల్ల మీద చేతుల కుర్చీ బిగించాడు. రేవులో దింపి, "ఇప్పుడు ఎక్కుతావా?" అన్నాడు.

నూకరత్నం కుర్చీని చూసింది, నీళ్ళని చూసింది. "ఊహూ" అంది.

అప్పుడు, చూడు ఎంత బాగుందో అని తనే ఎక్కి కూర్చున్నాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు. అంతే. పైన బరువెక్కువైన పడవ గిర్రున పక్కకి తిరిగింది. సింహాద్రి బురదలోంచి లేచేసరికి రెండు కళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు.

"పడవ తడిసింది" అంది బంగారమ్మ. "నా కొడుకూ తడిశాడు."

ఆ తర్వాత కుర్చీ పీకేశాడు. ఒరగకుండా ఉండాలంటే అడుగున బరువుండాలి అనుకున్నాడు. బస్తాల్లో ఇసక నింపి అడుగంతా పరిచాడు. పడవ పీట వేసినట్టు కూర్చుంది. ఎగిరి దూకినా కదల్లేదు.

"ఇప్పుడు ఎక్కుతావా?"

నూకరత్నం వంగి చూసింది. అంచుకీ నీళ్ళకీ మధ్య నాలుగు వేళ్ళు. "ఊహూ."

అంతలో ఒక మోటారు పడవ అటుగా పోయింది. దాని వెనక ఒక చిన్న అల వచ్చింది. పెద్దదేం కాదు, పిల్ల అల. తాపీగా అంచు దాటి లోపలికి వచ్చి కూర్చుంది. దాని వెనక ఇంకోటి. సింహాద్రి ఇసక బస్తాలన్నీ ఒక్కొక్కటే ఏట్లోకి విసిరేసుకున్నాడు.

అప్పుడు బంగారమ్మ కొంగు బిగించింది. "లోపం ఎక్కడుందో నాకు తెలుసు. రాగి కాణీ కొట్టని పడవ, బొట్టు పెట్టని మొహం. మీ తాత పడవకి కొట్టారు, మీ నాన్న పడవకి కొట్టారు. మీరు కొట్టారా?"

పెట్టె అడుగు నుంచి పాత రాగి కాణీ బిళ్ళ తీసింది. పడవ ముక్కు కింద, నీళ్ళు తగిలేచోట, తనే దగ్గరుండి మేకు కొట్టించింది. పసుపు రాసింది. శుభమని మూడు వారాలు రేవులోనే కట్టి ఉంచింది.

మూడు వారాలయ్యాక చూస్తే పడవ నిండా నీళ్ళు. కాణీ చుట్టూ సత్తు తెల్లగా బూడిదలా రాలిపోయింది. నీ చిటికెన వేలు పట్టేంత కంత.

సత్తు గిన్నెలకి మాట్లు వేసే ఖాసిం సాయిబుని పిలుచుకొచ్చారు. ఆయన కంత చూసి, కాణీ చూసి, గడ్డం గోక్కున్నాడు.

"చెక్క పడవకైతే కాణీ మంచిదేనమ్మా. సత్తుకి పనికిరాదు. రాగీ, సత్తూ, మధ్యలో ఉప్పునీళ్ళూ. వేరు కాపురం లేని తోడికోడళ్ళే అనుకో. ఒకళ్ళనొకళ్ళు కొరుక్కుతింటారు."

ఆయన సత్తు ముక్కతోనే మాటు వేశాడు. బంగారమ్మ కాణీని కొంగుకి ముడేసుకుని ఇంట్లోకి వెళ్ళింది. ఆ రోజంతా ఆవిడ మాట్లాడలేదు. జ్వరం తగిలిందేమో అని ఇరుగుపొరుగు వచ్చి చూసి వెళ్ళారు.

"ఇప్పుడు ఎక్కుతావా?" అని సింహాద్రి ఈసారి మెల్లగా అడిగాడు.

నూకరత్నం తల కూడా ఊపలేదు.

పున్నమికి ఇంకా నాలుగు రోజులుంది. సింహాద్రి అటక మీది రేకు పెట్టె దించాడు. రెండు లుంగీలు మడిచి అందులో పెట్టాడు. నూకరత్నం గుమ్మంలోంచి చూసింది. చూసి, ఖాళీ డబ్బాలు చంకన పెట్టుకుని మంచినీళ్ళకి వెళ్ళిపోయింది.

చెరువు మెట్ల మీద ఒక డబ్బా జారి నీళ్ళలో పడింది. మూత బిగించిన డబ్బా. పట్టుకోబోతే చేతి కిందకి పోయింది.

డబ్బా పైకి వచ్చింది.

ఆమె అరచేత్తో అదిమింది. పైకి వచ్చింది. రెండు చేతులతో అదిమింది. పైకి వచ్చింది. నడుం లోతుకి దిగి, ఒళ్ళంతా వాల్చి అదిమింది. అది బుడుంగున పక్క నుంచి లేచి ఆమె బుగ్గకి తగిలింది.

"ఏంటి వదినా, డబ్బాతో కుస్తీయా?" అని ఒడ్డున ఆడవాళ్ళు నవ్వారు.

నూకరత్నం నీళ్ళు పట్టుకోవడం మర్చిపోయి, తడి చీరతో ఇంటికి వచ్చింది. సింహాద్రి ఎదురుగా నిలబడింది.

"మావా, పడవ మునగాలి."

సింహాద్రి చేతిలో లుంగీ అలాగే ఉండిపోయింది. బంగారమ్మ పెరట్లోకి పరిగెత్తి, పసిపిల్ల చెవులు మూసినట్టు పడవ ముక్కుకి రెండు పక్కలా అరచేతులు పెట్టింది. "దాని ముందరా అనడం?"

"అత్తా, మీరు తడిసింది అన్నారు. అది మునిగింది. నా చేతి కింద నుంచి పోయింది. ఈసారి నేనే ముంచుతాను. మునిగితే ఏమవుతుందో చూస్తాను. చూసి, అప్పుడు ఎక్కుతాను."

మూడు నెలల మాటలు ఒక్కసారే వచ్చాయి.

సింహాద్రి పెట్టె మీద కూలబడ్డాడు. "ఒరుగుతుందని కదా నీ భయం? నేను ఒరక్కుండా చేద్దామనే..."

"ఒరిగితే ఒరగనీ మావా. పట్టుకోడానికి ఉండాలి."

ఆ తర్వాత మూడు రోజులు ఆ ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. మొదటి రోజు డబ్బాలు. ఊళ్ళో పగలని ప్రతి ఖాళీ డబ్బా అడిగి తెచ్చారు. బంగారమ్మ ఒక్కొక్కటి నీళ్ళలో అదిమి చూసింది. బుడగ వచ్చినదాన్ని తిట్టి అవతల పారేసింది. మంచివి ఏరి, రెండు పక్కలా అంచుల కింద వల తాడుతో బిగించారు.

రెండో రోజు ఎత్తు బల్ల తీసేసి, జానెడు ఎత్తులో కూర్చునే బల్ల వేశారు. కాలు జారకుండా, చప్పుడుకి చేప బెదరకుండా, అడుగున కొబ్బరి పీచు చాప పరిచారు.

మూడో రోజు తాడు. ఖాసిం సాయిబు అంచు పొడుగునా సత్తు కొక్కేలు బిగించాడు. వాటిలోంచి నూకరత్నం తాడు దూర్చింది. చేతికి దొరికేలా జానెడుకొక ముడి వేసింది. ఎవరినీ వెయ్యనివ్వలేదు.

అప్పుడు పున్నమి వచ్చింది. మిట్టమధ్యాహ్నం, పాటు తీసి, అంటే సముద్రపు పోటు తగ్గి, నీళ్ళు నడుం లోతులో ఉన్నప్పుడు, పడవ దింపారు. పడవ ముంచే మనుషులు ఎలా ఉంటారో చూద్దామని ఊరంతా రేవుకి వచ్చింది.

నూకరత్నం మొదటి బిందె పోసింది. సింహాద్రి రెండో బిందె పోశాడు. ఆ తర్వాత ఆడవాళ్ళందరూ తలో బిందె పట్టుకుని దిగారు. నీళ్ళు చాప దాటాయి. బల్ల దాటాయి. అంచు దాకా వచ్చాయి.

నూకరత్నం కుడిచేత్తో తాడు ముడి పట్టుకుని నిలబడింది. పడవ ఇంకా దిగింది. అంచు నీళ్ళలోకి పోయింది.

బెత్తెడు దిగి, పడవ ఆగిపోయింది.

ఆమె అదిమింది. కొంచెం దిగి, పైకి వచ్చింది. "నువ్వు కూడా" అంది. సింహాద్రి పొట్ట ఆనించి వేలాడాడు. కొంచెం దిగి, పైకి వచ్చింది. అప్పుడు ఆమె కుచ్చిళ్ళు దోపుకుని, ఒక కాలు ఎత్తి లోపల పెట్టింది. రెండో కాలు పెట్టింది. నీళ్ళు నిండిన పడవలో, రొమ్ము దాకా నీళ్ళలో, తన బల్ల మీద కూర్చుంది.

ఒక నవ్వు వినపడింది. ఎవరిదా అని అందరూ అటూ ఇటూ చూశారు. నూకరత్నం నవ్వి చాలా రోజులైంది కదా, గొంతు ఆనవాలు దొరకలేదు.

"ఓసి దీని దుంపతెగా, మునిగి కూడా మునగలేదే" అంది బంగారమ్మ. అనేశాక గబుక్కున నోరు మూసుకుంది. ఏటి మీద ఒక్క పడవ కూడా ఏమీ అనుకున్నట్టు లేదు.

మర్నాడు పొద్దెక్కాక చెరువుల ఆసామి మనిషి సైకిలు వేసుకుని వచ్చాడు. బంగారమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిసుకుతోంది.

"సింహాద్రి ఏడండీ? ఆసామి పనిలోకి తీసుకురమ్మన్నారు."

"లేడు బాబూ. మా కోడలు పొద్దున్నే పనిలోకి తీసుకుపోయింది."

అతను చెయ్యి అడ్డం పెట్టుకుని ఏటి వైపు చూశాడు. మడచెట్లకి అవతల, ఎండలో, సత్తు పడవ తళతళమంటోంది. వెనక ఒక మనిషి గడ వేస్తున్నాడు. ముందు ఒక మనిషి వల వదులుతోంది.

"ఎప్పుడు వదులుతుందండీ?"

"ఈ జన్మకి లేనట్టే ఉంది. సైకిలు అలా ఆనించి కూర్చో. పండుగప్ప చేప పడితే పులుసు తిని వెళుదువుగాని."

అతను కూర్చున్నాడు. పండుగప్ప పడింది. మూడుసార్లు అడిగి వడ్డించుకున్నాడు.

కథ కంచికి, వల గుంజకి,
చేప కూరకి, తెడ్డు చూరుకి,
పడవ రేవుకి, కునుకు కంటికి,
ఇక నువ్వు నా పక్కలోకి.