పొగ లేని మంట

అనగా అనగా ఏటిగడ్డ అనే ఊళ్ళో, ఎవరినీ నమ్మని ఓబులమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె చేసిన తప్పేమిటో ముందే చెప్పుకుందాం. ఊరందరినీ అనుమానించింది, ఇంచుమించు ఊరికే సాయం చేస్తానన్నవాణ్ణి మాత్రం నమ్మింది. దాంతో వరసగా రెండు పంటలు పోయాయి.

పాలు పోసిన మనిషి ఎదుటే పాలు వాసన చూసే రకం ఓబులమ్మ. కుండ కొంటే మూడుసార్లు కొట్టి చూసేది. చుట్టం నవ్వితే, ఎందుకు నవ్వాడా అని రెండు రోజులు ఆలోచించేది.

"నీ నీడకు కూడా నీ వెనక రావాలంటే భయమేనే" అనేవాడు మొగుడు లింగన్న.

"ఎందుకు వస్తోందో చెప్పి రమ్మను" అనేది ఓబులమ్మ.

ఏటిగడ్డలో ఒక ఆచారం ఉండేది. తొలకరి పడగానే కపిల అనే ఊరి ఆవును ఒక్కో మడిలోకి తోలేవారు. ఆవు మేసింది మేయగా, మూతి తిప్పుకున్న మొక్కనల్లా పీకేయాలి. ఆవు ముట్టనిది మడికి కీడని పెద్దల మాట.

ఏ మడిలోకి వెళ్ళినా కపిల ఒక మొక్క జోలికి పోయేది కాదు. అది వెంపలి. మోకాలెత్తు మొక్క. సన్నని ఆకులు, ఊదారంగు పూలు, చిన్న చిన్న కాయలు. దాన్ని ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్ళు పొయ్యరు. కోత అయిపోయిన మడిలో, ఎండాకాలమంతా అదొక్కటే పచ్చగా నిలబడి ఉంటుంది.

ఆ పచ్చదనమే ఓబులమ్మకు గిట్టేది కాదు. నేల నెర్రెలు విచ్చిన రోజుల్లో ఇది ఏం తాగి బతుకుతోంది? పీకి చూస్తే వేళ్ళకు ఆవగింజలంత బుడిపెలు. ఏ రోగమో ఏమో! పైగా వెంపలిని దంచి మడుగులో కలిపితే చేపలు తేలిపోతాయని ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అందుకే ఏటా వదలకుండా పీకేది. కానీ మోపులు కట్టి మోసే ఓపిక లేక, పీకినదాన్ని అక్కడే బురదలో తొక్కేసేది. అది తన సోమరితనమేనని లోలోపల సిగ్గుపడేది.

ఆ సిగ్గును పక్కింటి బసప్ప పసిగట్టాడు. గుట్ట అవతల బసప్పకు ఒక మడి ఉంది. చవిటి నేల. వేసిన విత్తనం తిరిగొస్తే గొప్ప.

"అక్కా, విషపు మొక్కను మడిలోనే తొక్కుతావా? హవ్వ! నేను పీకి, మోపు కట్టి, గుట్ట అవతల తగలబెట్టి వస్తాగా" అన్నాడు బసప్ప.

"ఏమిస్తే చేస్తావు?" అంది ఓబులమ్మ.

"పక్కింటివాడికి ఇచ్చేదేముంటుందక్కా? ఒక చెంబుడు మజ్జిగ పొయ్యి, చాలు."

ఏమీ వద్దని ఉంటే ఓబులమ్మ తప్పకుండా అనుమానించేది. మజ్జిగ అడిగాడు కాబట్టి నమ్మింది.

ఆ ఏడు వడ్లలో సగం తాలు. మరుసటి ఏడు పైరు జానెడు లేచి పసుపు రంగుకు తిరిగింది. కొడవలికి కూడా అందలేదు.

ఏటిగడ్డలో ఇంకో కట్టుబాటు ఉంది. మూడు పంటలు వరసగా తప్పిన మడిని ఊరి పెద్ద తిమ్మరాజు వెనక్కి తీసుకుని, పండించగలవాడికి ఇచ్చేస్తాడు. ఓబులమ్మకు ఉన్నది ఆ ఒక్క మడే. అప్పుడే బసప్ప తిమ్మరాజు దగ్గర చేరి, "పాపం అక్క! ఆ నేల చేతకాక పాడవుతోంది గానీ, నా చేతిలో పడితేనా..." అంటున్నాడని ఆమె చెవిన పడింది.

ఓబులమ్మ కొంగు బిగించింది. మొదట అనుమానించింది మొగుణ్ణి. నీటి వంతు రోజున నిద్రపోతున్నాడేమోనని, పొద్దున్నించి పొద్దుగూకే దాకా కాలవ తూము దగ్గరే కూర్చుంది. నీళ్ళు నిండుగా పారాయి.

"తృప్తేనా?" అన్నాడు లింగన్న.

"నీ విషయంలో తృప్తే. ఇంకా ఉన్నాయి" అంది.

తరవాత విత్తనాన్ని అనుమానించింది. గాదెలోంచి గుప్పెడు వడ్లు తీసి తడిగుడ్డలో మూటగట్టింది. మూడో నాటికి మొలకలు గుడ్డను పొడుచుకుని బయటికి వచ్చాయి.

నీళ్ళు మంచివే, విత్తనం మంచిదే. ఇక మిగిలింది ఆ వెంపలి. ఓబులమ్మ బెల్లం ముక్క పట్టుకుని కపిల దగ్గరికి వెళ్ళింది.

"కపిలా, నిజం చెప్పు. వెంపలి విషమా?"

ఆ కాలంలో ఆవులు మాట్లాడేవి. మనుషులు అడగడమే తక్కువ.

"చేదు. నాకు సయించదు" అంది కపిల, బెల్లం నములుతూ.

"అంతేనా? మడికి కీడని మరి పెద్దలన్నారే!"

"మీ పెద్దలు చూసింది నా నాలుక సంగతి. నేల నాలుక సంగతి నేలను కదా అడగాలి! నువ్వు గడ్డి తినవు. అంతమాత్రాన గడ్డి విషమైపోయిందా?"

కపిల మూతి నాక్కుని మళ్ళీ అంది. "ఇంకొకటి. ఊరి మడులన్నిటికీ నన్ను తోలుకుపోతారు. గుట్ట అవతలి మడికి మాత్రం ఆ బసప్ప రెండేళ్ళుగా తోలనివ్వడం లేదు. ఎందుకో నువ్వే కనుక్కో."

ఇంటికి నడుస్తుంటే ఓబులమ్మకు ఉన్నట్టుండి తట్టింది. రెండేళ్ళుగా బసప్ప వెంపలి తగలబెడుతున్నాడు. గుట్ట అవతల ఒక్కనాడైనా పొగ లేచిందా?

మూడో ఏడు తొలకరి పడింది. బసప్ప నవ్వుతూ వచ్చాడు. ఓబులమ్మ కూడా నవ్వుతూ మజ్జిగ పోసింది. అతను వెంపలి పీకి, మోపు కట్టి, నెత్తికెత్తుకుని గుట్ట దారి పట్టాడు. ఆమె చెప్పులు చేత పట్టుకుని వెనకే బయలుదేరింది.

"వెంపలి చెట్టుకు నిచ్చెన వేసేవాళ్ళుంటారని విన్నాను గానీ, వెంపలి మోపుకు కాపలా వెళ్ళేదాన్ని ఇప్పుడే చూస్తున్నా" అన్నాడు లింగన్న అరుగు మీంచి.

గుట్ట ఎక్కి చూసేసరికి మిట్టమధ్యాహ్నమైంది. కింద బసప్ప మడిలో బూడిద లేదు, మంట లేదు. ఓబులమ్మ ఒక్కదానివే కాదు, అదే మాట చెప్పి తెచ్చిన పది ఇళ్ళ వెంపలి మోపులు మడి నిండా పరిచి ఉన్నాయి. మోకాళ్ళ దాకా బురదలో దిగి, కూనిరాగం తీస్తూ బసప్ప వాటిని తొక్కుతున్నాడు. ఒకప్పటి తెల్లని చవిటి నేల నల్లగా నిగనిగలాడుతోంది.

ఓబులమ్మ గట్టు దిగి, పిడికెడు బురద తీసి వాసన చూసింది. పాలు విరిగాయో లేదో గుమ్మంలోనే చెప్పే ముక్కు అది. కుళ్ళిన ఆకు, కొత్త వాన కలిసిన కమ్మని వాసన. ఇదే వాసన ఒకప్పుడు తన మడిలో వచ్చేది. తాను సోమరిగా తొక్కిన రోజుల్లో.

"తమ్ముడూ, మంట బాగా రగులుకుందే!" అంది.

బసప్ప జారి బురదలో కూలబడ్డాడు. "అక్కా! అది... మొక్క పచ్చిగా ఉంది. ఎండాక తగలబెడదామని..."

"రెండేళ్ళుగా ఎండలేదా? ఎత్తు మోపు."

"ఎక్కడికక్కా?"

"తెచ్చినచోటికే. నా మడిలో వేసి తొక్కు. మజ్జిగ తాగావు కదా, ఊరికే పోనిస్తానా?"

బసప్ప మోపెత్తుకుని గుట్ట ఎక్కాడు, దిగాడు. ఆమె గట్టు మీద నిలబడి చూస్తుండగా తొక్కాడు. అది చాలక, గుట్ట వాలులో దారి పక్కన మొలిచిన వెంపలిని కూడా ఓబులమ్మ, లింగన్న కలిసి పీకి తెచ్చి మడిలో వేశారు. నీళ్ళు నిలబెట్టి పదిహేను రోజులు మురగనిచ్చారు. తరవాతే నాట్లు వేశారు.

కోతల వేళ తిమ్మరాజు మడి చూడటానికి వచ్చాడు. బసప్ప వెనకాలే నిలబడ్డాడు. వెన్నులు బరువుకు గట్టు మీదికి వాలి ఉన్నాయి. తిమ్మరాజు ఒక వెన్ను దూసి గింజ కొరికి చూశాడు. మళ్ళీ ఇంకొకటి, మళ్ళీ ఇంకొకటి. ఎక్కడా తాలు లేదు.

"ఓబులమ్మా, ఈ ఏడు మడికి ఏం వేశావమ్మా?"

"కొత్తగా ఏమీ వెయ్యలేదయ్యా. ఉన్నదాన్ని పోనివ్వలేదు" అని, బసప్ప వైపు చూస్తూ జరిగినదంతా చెప్పింది.

మిగిలిన తొమ్మిది ఇళ్ళవాళ్ళు బసప్పను ఏమన్నారో పిల్లల ముందు చెప్పేది కాదు. ఆ రోజుతో ఏటిగడ్డలో ఆవును తోలే ఆచారం పోయింది. "ఆచారం పోతే పోనీ, బెల్లం మానకండి" అంది కపిల.

ఓబులమ్మ బసప్పకు గుప్పెడు వెంపలి గింజలిచ్చింది. "పైతోలు గట్టిది. ఇసుకలో నలిపి చల్లు. నీ మడిలో నువ్వు పెంచుకో, నా మడి వైపు చూడకు" అంది. అది జాలి కాదు, జాగ్రత్త.

తాను కూడా కోత కాగానే మడిలో వెంపలి చల్లేది. నాట్లకు ముందు తొక్కేది. చేపలున్న మడుగులోకి మాత్రం ఒక్క ఆకు పోనిచ్చేది కాదు.

ఇంకొక నిర్ణయం కూడా తీసుకుంది. తన మడిలోంచి గడ్డిపరక బయటికి పోయినా, అది ఎక్కడికి పోతోందో కళ్ళారా చూడకుండా పంపకూడదని. బతికినన్నాళ్ళూ ఆ మాట తప్పలేదు.

కాబట్టి పిల్లలూ, మీ చెత్తను ఊరికే మోసుకుపోతానని ఎవరైనా అంటే, అది ఎవరి మడిలో ఎరువవుతోందో చూసి వచ్చాకే దాన్ని చెత్త అనండి.