తిమాంద్రుని తిర్యగ్వ్యూహం

పూర్వం, ద్వాపరం ముగిసి కలి అడుగుపెడుతున్న కాలంలో, పశ్చిమసాగర తీరాన యవనభూమిలోని శైలపురి అనే చిన్న నగరం మీదికి దిగ్విజయగర్వితుడైన దమాసుడనే రాజు రెండింతల సేనతో దండెత్తి వచ్చాడు. శైలపురి సేనాపతి రణతంత్రకోవిదుడు, మితభాషి అయిన తిమాంద్రుడు.

శూరులందరూ కుడివైపు నిలవాలనీ, సేన అంతా పన్నెండేసి వరుసల మందంతో సమంగా సాగి ఎదుటివారిని ఢీకొనాలనీ ఆ దేశపు యుద్ధాచారం. తిమాంద్రుడు మూడు దినాలు ఇసుకలో గులకరాళ్లు పేర్చి, చెరిపి, మళ్లీ పేర్చి, దమాసుడు నిలిచే చోటికి ఎదురుగా ఎడమపార్శ్వంలో యాభై వరుసల మందాన శూరులను కూర్చి, పలుచని కుడిపార్శ్వం వెనక్కి వాలి, మెల్లమెల్లగా వెనుకంజ వేస్తూ శత్రువును నిలువరించేలా, ఏటవాలుగా సాగే తిర్యగ్వ్యూహాన్ని నిర్మించాడు. ఆ కుడిపార్శ్వాన్ని బాల్యసఖుడు, అచంచల ధైర్యశాలి అయిన అర్కాసునికి అప్పగించాడు.

“మిత్రమా, వెనక్కి నడిచేవాణ్ణి లోకం పిరికివాడంటుంది. నన్నే ఎందుకు ఎంచావు?” అని అర్కాసుడు అడిగాడు.

“పారిపోవాలనిపించినా పారిపోనివాడివి నాకు తెలిసి నువ్వొక్కడివే. దమాసుడు పడేదాకా ఆ వరుస తెగకూడదు.”

“తెగదు. మావాళ్లలో ఎందరు మిగులుతారు?”

తిమాంద్రుడు శిరస్సు వంచాడు. అర్కాసుడు అతని భుజం తట్టి వెళ్లిపోయాడు.

మరునాడు సూర్యుడు నడినెత్తికి రాకముందే ఆ యాభై వరుసల బలం కొండచరియలా విరుచుకుపడి దమాసుని కూల్చగా, అతని సేన చెల్లాచెదురైంది. కుడివైపు వరుస తెగలేదు. అర్కాసునితో సహా మూడువందలమంది అక్కడ నేలకొరిగారు.

విజయోత్సవ విందులో పౌరులు జయజయధ్వానాలు చేశారేగాని తిమాంద్రుని పక్కన ఒక్కరూ కూర్చోలేదు. ఎవరు చావాలో ముందే నిర్ణయించినవాడని తల్లులు చూపు తిప్పుకున్నారు. అతడు శిరస్త్రాణం అక్కడే వదిలి, దేవీపర్వతమెక్కి, పదకొండు మాసాలు మనిషి గొంతు వినకుండా తపస్సు చేశాడు.

ఒక ఉషఃకాలాన నీలనేత్ర, శూలధారిణి, యుద్ధనీతికి అధిదేవత అయిన దేవి ప్రత్యక్షమై, “వత్సా, శాశ్వతకీర్తిని అనుగ్రహిస్తున్నాను, స్వీకరించు” అంది.

“కీర్తి వద్దు తల్లీ. అర్కాసుణ్ణి బ్రతికించు.”

“మృతులను మరలించే శక్తి దేవతలకూ లేదు.”

అతడు, “అయితే నా ఎదుట కూర్చుని రొట్టె తినే మనిషిని ఒక్కరిని ప్రసాదించు” అన్నాడు. దేవి కళ్లు చెమర్చాయి. తథాస్తని అంతర్ధానమైంది.

మూడోనాడు అర్కాసుని ముసలితల్లి మెలీస, రొట్టెల మూటతో, రొప్పుతూ కొండెక్కి వచ్చింది. తిమాంద్రుడు ఆమె పాదాలమీద పడి, “అమ్మా, నీ కొడుకును అక్కడ నిలిపింది నేనే” అని విలపించాడు.

“తెలుసు నాయనా. వెళ్లేముందు వాడే చెప్పాడు, నీ చోట తానున్నా అలాగే చేసేవాడినని. వాడు పోయాక నాకూ ఒంటరిగా ముద్ద దిగడం లేదు. లే, తిందాం” అని ఆమె రొట్టె విరిచి సగం అతని చేతిలో పెట్టింది.

ఆమె చెయ్యి పట్టుకుని అతడు కొండ దిగి వచ్చాడు. ఆ వెనుక నగరంలోని తల్లులు ఒక్కొక్కరే అతనితో మాటాడసాగారు. నాటినుంచి శైలపురిలో ఏ సేనాపతి అయినా వ్యూహం పన్నేముందు, అందులో అందరికన్నా ముందు చావవలసినవారి మధ్య కూర్చుని భోజనం చేయడం ధర్మమై నిలిచింది.