సుంకమ్మ మెత్తిన మన్ను

ఓబులేసు కొత్త ఇంట్లో చేరి రెండేళ్ళు దాటినా ఇంటికి నంబరు రాలేదు. నంబరు లేనిదే కరెంటు మీటరు ఇవ్వరు. అడ్డం పడింది మనిషి కాదు, ఇంటి వెనకున్న మరుగుదొడ్డి.

ఆ చోట నేల కింద పాతాళం దాకా ఒకటే బండ. గుంత తవ్వబోతే గడ్డపార దండం పెట్టి వెనక్కి తిరిగింది. నీళ్ళ సంగతి అడగొద్దు, అక్కడి కాకులు కూడా పక్కూరికి పోయి దాహం తీర్చుకుని వస్తాయి. అందుకని ఓబులేసూ, పెళ్ళాం సుంకమ్మా నేల మీదనే రెండు అరలు కట్టి, పైన కూర్చునే చోటు పెట్టుకున్నారు. పోయినప్పుడల్లా గుప్పెడు బూడిద చల్లడం. ఒక అర నిండితే దాన్ని మూసేసి రెండోది వాడుకోవడం. మూసింది ఏడాదికి మాగి ఎరువవుతుంది. ఆ ఎరువు కళ్ళతో చూశాకే నంబరని పంచాయతీ నిబంధన.

మొదటి అర నిండినప్పుడు, ఎరువు తీసే వెనక కంతకు బండపలక ఆనించి అంచుల చుట్టూ ఎర్రమన్ను మెత్తింది సుంకమ్మ. ఆ నెల తిరక్కుండానే జ్వరమొచ్చి కన్నుమూసింది. ఊరు ఊరంతా ఏడ్చింది. రోజూ ఆమెతో పోట్లాడే తోడికోడలు మూడూళ్ళకు వినబడేట్టు ఏడ్చింది.

మెత్తిన మన్ను మాత్రం ఆమె వేళ్ళ గీతలతో అట్లాగే ఎండిపోయింది.

గడువు నిండాక పంచాయతీ సెక్రటరీ వచ్చాడు.

"తెరువన్నా."

"ఇంకోసారి రాండి సార్."

"ఎన్నిసార్లు తిప్పుతావన్నా? రెండో అర కూడా నిండిపోయింది. సోమవారానికి తెరవకపోతే ఈ దొడ్డి కొట్టించి, నీ ఇంటి కాయితాలు వెనక్కి పంపుతా. నాదేముంది, రూలు అట్లుంది."

ఓబులేసు కొండ మీదున్న తన గురువు కంబగిరి స్వామి దగ్గరికి పోయాడు. ఆయన మాట్లాడగా విన్నవాళ్ళకన్నా ఆ కొండ నవ్వగా చూసినవాళ్ళే ఎక్కువ.

"ఇల్లు పోతే పోనీ స్వామీ. ఆ మన్ను పగలగొట్టడం నా వల్ల కాదు. ఆమె చేతిది ఇంకేం మిగల్లేదు నాకు."

స్వామి చేతికర్ర తీసుకుని లేచాడు.

సోమవారం సెక్రటరీ వచ్చేసరికి స్వామి దొడ్డి వెనక గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన ఓబులేసు.

"చెంబుతో నీళ్ళు తే" అన్నాడు స్వామి.

ఓబులేసు తెచ్చాడు.

"తడుపు."

"తడిపితే కరిగిపోతుంది స్వామీ!"

"ఆమె తడిపే కదా మెత్తింది."

ఓబులేసు చెంబులో చెయ్యి ముంచాడు. తర్వాత తడి చెయ్యి ఆ గీతల మీద పెట్టాడు. ఆమె వేళ్ళు సన్నవి. ఇతని వేళ్ళు అందులో పట్టలేదు. మన్ను మెత్తబడి, కొంచెం కొంచెంగా అతని అరచేతిలోకి వచ్చేసింది. రూలు రూలని ఊరిని హోరెత్తించే సెక్రటరీ, ముక్కుకు కట్టుకోవడానికి తెచ్చిన రుమాలు చేతిలో నలుపుకుంటూ ఉండిపోయాడు.

బండపలక పక్కకు జరిపారు. లోపల నల్లగా, పొడిపొడిగా ఉంది. వాసన లేదు.

"ఉత్త మట్టే కదన్నా ఇది! రేపే నంబరు వేయిస్తా" అని సెక్రటరీ వెళ్ళిపోయాడు.

ఓబులేసు ఆ మాట విన్నట్టే లేదు. రెండు దోసిళ్ళ మట్టి తీసి తువ్వాలులో మూట కట్టుకుంటున్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు స్వామి.

"దేవుడి గూట్లో పెట్టుకుంటా స్వామీ. ఆమె పొయ్యిలో బూడిద ఇది. ఆమె తిన్న తిండి ఇది. ఇదన్నా దాచుకోనీ."

"ఆ అర నువ్వు వాడలేదా?"

"ఇద్దరం వాడినాం."

స్వామి మూట విప్పి, తువ్వాలును అతని ముందు పరిచాడు.

"అయితే నీది తీసెయ్యి నాయనా. ఆమెది దాచుకో."

ఓబులేసు మట్టిలో వేలు పెట్టాడు. కొంత అటు జరిపాడు. కొంత ఇటు జరిపాడు.

కాసేపటికి వేలు ఆగింది.